తవిటమ్మ పేరు ఖరీదు

మా అమ్మ పుట్టకముందు మా అమ్మమ్మ పోగొట్టుకున్నవి ఇవి. పిల్లలు నలుగురు: ఇద్దరు మగ, ఇద్దరు ఆడ. మొదటివాడు పదకొండు రోజులు ఉన్నాడు. రెండోది ఏడాదికి నాలుగు రోజులు తక్కువ. మూడోవాడు నెలన్నర. నాలుగోది పేరు పెట్టేదాకా కూడా ఆగలేదు. వాళ్ల వెనకే పోయినవి: రెండోదాని వైద్యానికి అమ్మిన పాడిగేదె ఒకటి, వెండి కడియాలు ఒక జత, దిష్టి తీసినాయన పట్టుకెళ్లిన నల్లకోళ్లు మూడు, మెట్టభూమి ఇరవై రెండు సెంట్లు. మా తాతకు దేవుడి మీద ఉన్న నమ్మకం కూడా పోయిందంటారు గానీ, అది మొదటినుంచీ అంతంతమాత్రమేనని అమ్మమ్మ చెప్పింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఈ పద్దు అమ్మమ్మ వేళ్ల కణుపుల మీద ఎన్నిసార్లు చెప్పినా ఒక్క కోడి తేడా వచ్చేది కాదు. నేను చదివింది ఏడో తరగతి. మిగతా లెక్కలు టెక్కలి వైపు ఒక రైస్ మిల్లులో కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, చీటీ పాటలో తేడా వచ్చినా నన్ను పిలుస్తారు. లెక్క తేల్చాక ఇద్దరిలో ఒకరు నాతో మాట్లాడడం మానేస్తారు. ఒక్కోసారి ఇద్దరూ.

అమ్మమ్మ ఐదోసారి నీళ్లోసుకున్నప్పుడు ఊరి ముసలమ్మలు కూర్చుని, ముందు నలుగురూ ఎందుకు పోయారో కనిపెట్టారు. కారణం బొడ్డు కోసిన కొడవలి కాదు. చుట్టుపక్కల డాక్టరన్నవాడు లేకపోవడం అసలే కాదు. పిల్లలు మరీ విలువైనవాళ్లు కావడమే కారణం. చావు కూడా మంచి సరుకే ఏరుకుంటుందట. కాబట్టి ఈసారి పుట్టినదాన్ని పుట్టినట్టే అమ్మెయ్యాలి, అదీ అన్నిటికంటే చవకైన వస్తువుకి. మా వైపు ఆ రోజుల్లో తవుడు కంటే చవకైనది లేదు. కొనేవాళ్లు చుట్టాలు కాకూడదు, ఆ ఊరివాళ్లు కాకూడదు. అంటే ఆ ఇంటి దురదృష్టంలో వాటా లేనివాళ్లు కావాలి.

మా అమ్మ పుట్టిన మూడో రోజున దొరికిన కొనుగోలుదారు భావనపాడు నుంచి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చిన ఒక ఆమె. ఆమె దగ్గర కుంచెడు తవుడు ఉంది. ఆ తవుడు కూడా అమ్మమ్మ పక్కింటివాళ్లు చేపలకు మారుగా అంతకుముందే ఇచ్చినది. పిల్లని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప పక్కన పెట్టారు. ఆమె తవుడు అమ్మమ్మ ఒళ్లో పోసి, చేట ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి, “ఇది నా పిల్ల. నా కాడ పాలు నేవు. మీరు పెంచండి” అంది. పిల్లని దింపి, గంప ఎత్తుకుని తర్వాతి ఊరికి పోయింది. పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు. పిల్ల బతికింది. డెబ్బై నాలుగేళ్లుగా బతుకుతూనే ఉంది. నిన్న కూడా నా మీద అరిచింది.

ఈ పేరు మా అమ్మ ఒక్కదానిదే కాదు. ఒకసారి ఓటర్ల జాబితాలో తప్పులు దిద్దే పనికి నన్ను కూర్చోబెడితే, పనిలో పనిగా లెక్క వేశాను. మా ఊళ్లో అరవై దాటినవాళ్లలో తవిటమ్మలు తొమ్మిదిమంది, తవిటయ్యలూ తవిటినాయుళ్లూ కలిపి పద్నాలుగు. నలభైకీ అరవైకీ మధ్య నలుగురు. నలభై లోపు ఒకే ఒక్కడు, వాడు కూడా పెళ్లి శుభలేఖ మీద పొడి అక్షరం వేసి ఊరుకున్నాడు. పేర్ల మోజు మారిందని ఊళ్లో చదువుకున్నవాళ్లు అంటారు. మోజు కాదు. ఊళ్లోకి నర్సు వచ్చింది, సూది వచ్చింది, టెక్కలి దాకా రోడ్డు వచ్చింది. పిల్లలు బతకడం మొదలుపెట్టారు, అమ్మడం మానేశారు. ఆస్పత్రి దెబ్బకు పోయిన పేరు నాకు తెలిసి ఇదొక్కటే. మిగతా పాత పేర్లన్నీ సినిమాల దెబ్బకు పోయాయి.

అవసరం తీరాక సిగ్గు మొదలైంది. తవిటినాయుడు బడి రిజిస్టర్‌లో నాయుడు అయ్యాడు. తవిటమ్మలు కోడళ్లొచ్చాక వట్టి అమ్మలయ్యారు. నా కూతురు ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఇంట్లోవాళ్ల పేర్లు రాసుకురమ్మంటే, నాన్నమ్మ పేరు ఎదురుగా మూడు రోజుల పాటు ఖాళీ ఉంచింది. నాలుగో రోజున తార అని రాసింది. కింద పెద్దవాళ్ల సంతకం కావాలంటే, మా అమ్మకు చదువు రాదు కాబట్టి ఆ కాగితం మీద సంతోషంగా వేలిముద్ర వేసింది.

ఆ కూతురికి పెళ్లయి ఐదేళ్లు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నాలుగో నెల దాటలేదు. మూడోసారి ఏడో నెల నిండాక, పోయిన ఏడాది, పురిటికి మా ఇంటికి వచ్చింది. రోజూ సాయంత్రం మా అమ్మ దాని పాదాలకు నువ్వులనూనె రాసేది. అది ఫోను చూస్తూ కూర్చునేది. అలాంటి ఒక సాయంత్రం తల ఎత్తి, “నాన్నా, పాత పేర్లు మళ్లీ వస్తన్నాయి తెలుసా,” అంది. “ఆడపిల్లయితే తవిటమ్మ అని పెడతాం. ముద్దుగా తవి.”

విజయనగరంలో ఉన్న అల్లుడు ఫోన్లో స్పీకరులోంచి వంత పాడాడు. “వింటేజ్ మావయ్యా. మా ఆఫీసులో ఎవులికీ నేదు.”

ఆ పేరు వాళ్ల ఆఫీసులో ఎవరికీ లేదంటే వాళ్లమ్మలు ఎంత అదృష్టవంతులో అతనికి చెప్పాలనుకుని ఊరుకున్నాను. మా అమ్మ మాత్రం నూనె గిన్నె కింద పెట్టింది.

“ఎంతకి?” అంది.

“ఏటి నాన్నమ్మా, ఎంతకి?”

“ఎంతకి అమ్ముతారని అడుగుతన్నాను. అమ్మకుండా ఆ పేరెలగొస్తాది?”

“ఇప్పుడెవులు అమ్ముతారు? పేరు బాగుందని పెడతన్నాం.”

“ఆరో తరగతిలో బాగునేదు, ఇప్పుడు బాగుందేటి?” అంది అమ్మ. ఆ కాగితం మీద తార అని రాసిన సంగతి ఆమెకు ఇన్నాళ్లూ తెలుసన్నమాట. “సూడు పిల్లా. ఆ పేరెట్టి పిల్లని అమ్మకపోతే సావుతో అబద్ధమాడినట్టే. దానికి లెక్కలొచ్చు. మీ నాన్న కన్నా బాగా వచ్చు.”

మా అమ్మ దృష్టిలో అది పేరు కాదు, రసీదు. సరుకు చేతులు మారకుండా రసీదు రాసిస్తే ఏమవుతుందో కాటా దగ్గర పనిచేసినవాణ్ని, నాకు తెలియకపోదు. అయినా ఆ రోజు నా బుర్ర ఇంకో వైపు పోయింది. కుంచెడు తవుడు ఆ చేపలామె ఇచ్చింది. మా అమ్మమ్మ పుచ్చుకుంది. పిల్లని మాత్రం ఇవ్వలేదు, ఇంట్లోనే ఉంచుకుంది. అంటే ధర ముట్టింది, సరుకు ముట్టలేదు. డెబ్బై మూడేళ్లుగా మా ఇంటి నెత్తిన కుంచెడు తవుడు బాకీ ఉంది, ఒక్కడూ పట్టించుకోలేదు. నా కూతురి రెండు కడుపులూ నిలవకపోవడానికి అదే కారణమేమోనని అనిపించింది. అలాంటివి నేను నమ్మను. నమ్మకపోయినా ఖర్చు తక్కువ కదా అనుకున్నాను. ఈ జిల్లాల్లో చాలా పూజలు ఈ లెక్క మీదే నడుస్తాయి.

తవుడు సంపాదించడం అంత తేలిక కాలేదు. ఇప్పుడు మిల్లు తవుడు నూనె తీసేవాళ్లకి లారీల్లో పోతుంది, కుంచాల్లో అడిగితే పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు. టెక్కలిలో పెద్ద షాపులో షుగరున్నవాళ్ల కోసం గోధుమ తవుడు అందమైన పొట్లాల్లో పెట్టారు. వెల చూశాను. మా అమ్మని కొన్న సరుకు ఇప్పుడు బియ్యం కంటే ఎక్కువ పలుకుతోంది. చివరికి పాత మిల్లులో తెలిసినవాణ్ని బతిమాలి తెచ్చి, అటక మీది ఇనప కుంచంతో కొలిచాను. అప్పట్లో కుంచం నెత్తి మీద కుప్పగా పోశారో, కర్రతో చదును చేసి ఇచ్చారో తెలియదు కాబట్టి, మాట రాకుండా కుప్పగానే పోశాను. వడ్డీ వెయ్యలేదు. వేస్తే మోపెడ్ చాలదు.

ఇంట్లో చెప్పకుండా భావనపాడు వెళ్లాను. అక్కడి ముసలివాళ్లని అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. మా అమ్మని కొన్నామె ఎప్పుడో పోయింది. ఆమె కూతురు ఉంది, అరవై దాటిన మనిషి. ఇళ్ల వెనక ఇసకలో వల పరిచి నెత్తళ్ల చేపలు ఆరబెడుతోంది.

“మీ అమ్మగారు మా అమ్మని కొన్నారండి,” అన్నాను. ఇంతకంటే తిన్నగా ఎలా మొదలుపెట్టాలో నాకు తోచలేదు.

“ఎప్పుడు?”

“డెబ్బై మూడేళ్లయింది.”

ఆమె నా వెనక మోపెడ్ వైపు చూసింది. “ఇప్పుడా తెచ్చినావు? ఏదీ, మీ యమ్మ?”

“అమ్మని తేలేదు. తవుడు తెచ్చాను. బాకీ తీర్చేద్దామని.”

ఆమెకు కథ తెలుసు. “మా యమ్మ సెప్పేది. పై ఊళ్లో నాకింకో కూతురున్నాది, దాని పెళ్లికి కూడా నన్ను పిలవనేదు అని,” అంది. సంచి మూతి విప్పి తవుడు వేళ్లతో నలిపి చూసింది. “మంచి తవుడే. మా కోళ్లు తింటాయి. ఇస్తే తీసుకుంటాను గానీ బాబూ, మళ్లీ వొచ్చి అడక్కు.”

“అడగను,” అన్నాను. ఇలాంటి మాట ఇచ్చేముందు ఎవడైనా లెక్క రెండోసారి చూసుకుంటాడు. నేను మోపెడ్ స్టార్టు చేశాను.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, ప్రైజు తెచ్చుకున్నవాడిలా.

“కుంచెడూ ఇచ్చీసినావేటి?”

“కుప్పగా పోసి మరీ ఇచ్చాను.”

“ఎవులడిగినార్రా నిన్ను?”

“ఎవరూ అడగలేదమ్మా. బాకీ కదా...”

“బాకీ కాదురా అది. మా యమ్మ తవుడు పుచ్చుకున్నాది, నన్ను ఇచ్చీసినాది. నాను పరాయిదాన్ని. అందుకే సావు నన్ను వొగ్గీసినాది. నువ్వెల్లి తవుడు ఎనక్కిచ్చి నన్ను మళ్లీ ఆ ఇంటికి కొన్నావు. నలుగురు పోయిన ఇంటికి.” నా కూతురున్న గది వైపు చూసి, “నాకేటి, ఈ పూట పోయినా డెబ్బై మూడేళ్లు లాభం. ఆ కడుపులోదానికి నా నెత్తురే కదరా,” అంది.

ఊళ్లో ఎన్నో బాకీలు నేను తీర్పించాను. తీర్చకుండా ఉంచుకోవలసిన బాకీ ఒకటి ఉంటుందని ఏ కాటా నాకు చెప్పలేదు. డెబ్బై మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదనుకున్నాను. నిజానికి అందరూ పట్టించుకునే దాని జోలికి పోలేదు. లెక్క వచ్చినవాడు ఇంట్లో నేనొక్కణ్నే కాబట్టి ఆ తప్పు చెయ్యగలిగినవాణ్ని కూడా నేనొక్కణ్నే.

ఆ సాయంత్రం నుంచి అమ్మ నా కూతురి పాదాలకు నూనె రాయడం మానేసింది. అది కూర్చునే గదిలోకే రావడం మానేసింది. పిలిస్తే గుమ్మం అవతల నుంచి పలికేది. తన నీడ దాని మీద పడుతుందేమోనని దీపం ఉన్న వైపు కూడా కూర్చునేది కాదు. మొదటి రోజు నా కూతురు నవ్వింది. రెండో రోజు, “నాన్నమ్మా, రా. నాకేటీ కాదు,” అంది. మూడో రోజు తనే నూనె గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వెళితే, ముసలామె లేచి పెరట్లోకి పోయింది. అప్పుడు నా కూతురు నా వైపు తిరిగి, “నువ్వు కదా ఇచ్చినావు. నువ్వే ఎల్లి తే,” అంది. రెండు కడుపులు పోయినప్పుడు ఆస్పత్రి బల్ల మీద చూసిన మొహమే మళ్లీ చూశాను. ఎనిమిదో నెల నడుస్తోంది.

మళ్లీ భావనపాడు వెళ్లాను. పుట్టి బుద్ధెరిగాక బాకీలు ఎగ్గొట్టినవాళ్లని తిట్టడమే గానీ, నాకో బాకీ పెట్టమ్మా అని అడుక్కోవడం అదే మొదటిసారి.

“సగం కోళ్లు తినీసినాయి,” అంది ఆమె, నన్ను చూడగానే. “మళ్లీ అడగనన్నావు.”

“తవుడు అడగడం లేదు. మా అమ్మని మళ్లీ కొనుక్కోమంటున్నాను.”

“డెబ్బై దాటినదాన్ని కొని ఏటి సేసుకుంటాను బాబూ? ఉన్న అత్తతోనే ఏగలేకపోతన్నాను.”

ఇంటి లోపల నుంచి ఎవరో గట్టిగా దగ్గారు. ఆమె పట్టించుకోలేదు. నేను అప్పుడు నా కూతురి సంగతి చెప్పాను. రెండు పోయాయని, మూడోది ఎనిమిదో నెల అని, మా అమ్మ గుమ్మం దాటి లోపలికి రావడం లేదని. ఆమె చేపలు తిరగేసే చెయ్యి ఆపింది.

“ఆ మాట ముందు సెప్పాల కదా,” అంది. “తవుడు, బాకీ అని కోమటిలెక్కలు సెప్పినావు. పుట్టనీ. నానొస్తాను.”

ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. ఐదో రోజున ఆస్పత్రి నుంచి పంపారు. ఏడో రోజు ఉదయం భావనపాడు ఆమె ఆటో దిగింది, చేతిలో ప్లాస్టిక్ కవరు. మా అమ్మ గుమ్మం అవతలే నిలబడి ఉంది, పుట్టినదాన్ని ఇంకా ఎత్తుకోలేదు.

ఇక్కడ మొదటి చిక్కు వచ్చింది. మా వీధిలో పెంటకుప్ప లేదు. ఊరు శుభ్రపడి చాలాకాలమైంది. ఇంటి ముందు పంచాయతీ వాళ్లిచ్చిన రెండు డబ్బాలున్నాయి, పచ్చది తడిచెత్తకు, నీలంది పొడిచెత్తకు. పిల్ల ఏ చెత్త కిందికి వస్తుందో పంచాయతీ చెప్పలేదు. పాలు తాగే పిల్ల కాబట్టి తడేనని అల్లుడు తేల్చాడు. చేటలో పిల్లని పచ్చ డబ్బా పక్కన పెట్టి, ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు.

నేను కుంచం తెచ్చాను. ఆమె కవరు ఒంపింది. కుంచానికి నాలుగు మానికలు. కవరులోది సరిగ్గా రెండు మానికల దగ్గర ఆగింది, అంటే అడ్డెడు. నేను మోసుకెళ్లి ఇచ్చిన తవుడులో కోళ్లు వదిలిపెట్టినది అంతే.

“మిగతా అడ్డెడు?” అన్నాను.

“మెల్లిగా ఇస్తాను. ఎక్కడికి పోతాను?”

మా అమ్మ గుమ్మంలోంచి, “సగానికి అమ్మకం సెల్తాదేటి?” అంది.

“బయానా అనుకో అప్పా,” అంది చేపలామె, సొంత అక్కని పిలిచినట్టు. “బూమికి బయానా ఇచ్చినాక ఇంకోడొచ్చి కొనగలడేటి? సావయినా అంతే. తరవాతొచ్చినోడే.”

అమ్మ నా వైపు చూసింది. నా లెక్కల మీద ఆమెకు జన్మలో నమ్మకం లేదు. “సెల్తాదేటిరా?” అని అడిగింది.

“చెల్లుతుందమ్మా,” అన్నాను. “బయానా పుచ్చుకున్నాక మూడోవాడికి హక్కు లేదు.”

ఎన్నో గట్టు తగాదాల్లో కాగితాలు ముందేసుకుని కూడా నేనింత గట్టిగా చెప్పింది లేదు. ఈసారి నా దగ్గర కాగితం లేదు.

నా కూతురు కొంగు పట్టింది, తవుడు అందులో పడింది. చేపలామె చేట ఎత్తుకుని నడిచింది. వీధి చివర ఆగి, కొంగు పిల్ల మొహానికి ఎండ తగలకుండా పట్టి, కావలసినదానికంటే ఎక్కువసేపు అక్కడే నిలబడింది. అల్లుడి వీడియో ఆగిపోయింది. రెండడుగులు ముందుకు వేశాడు. ఈ పేరు వాళ్ల ఆఫీసులో ఎందుకు లేదో అతనికి అప్పుడు అర్థమై ఉంటుంది. ఆమె తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, పిల్లని నా కూతురికి కాకుండా మా అమ్మ చేతుల్లో పెట్టింది.

“ఇది నా పిల్ల. మీరు పెంచండి,” అంది. “అప్పా, నువ్వు కూడా మా యమ్మ కొన్నదానివే. నీ కొడుకు మా కోళ్లకి మేత తెచ్చినాడు, అంతే. దాన్ని నాను లెక్కెయ్యను.”

మా అమ్మ పిల్లని పట్టుకుని గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

జనన ధ్రువపత్రం కోసం వెళితే, అక్కడి గుమస్తా పేరు రెండుసార్లు అడిగి, “తన్విత అని రాసెయ్యమంటారా?” అన్నాడు జాలిగా. నా కూతురు తవిటమ్మ అని ఒక్కో అక్షరం పలికి రాయించింది. అల్లుడు ఇప్పుడు వింటేజ్ అనడం మానేశాడు. ఆ వీడియో కూడా ఎవరికీ పంపలేదు.

పిల్లకి ఇప్పుడు పదకొండో నెల. భావనపాడు నుంచి అప్పుడప్పుడు ఫోను వస్తుంది. “నా పిల్ల ఎలగున్నాది? పళ్లొచ్చినాయేటి?” అని అడుగుతుంది. నాకు అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వస్తుంది, మిగతాది ఎప్పుడిస్తావు పిన్నీ అని. మా అమ్మ పక్కనే కూర్చుని నా నోటి వైపే చూస్తూ ఉంటుంది. అడగను. ఈ రోజుకి పద్దు ఇలా ఉంది. ఆమె మాకు ఇవ్వాల్సింది తవుడు అడ్డెడు, అంటే మానికలు రెండు. మేం ఆమెకు అప్పజెప్పాల్సింది పిల్ల ఒకటి.